పాకెట్ డైపర్లు: తెనాలి నీళ్లలో ఒక తీరు, నిజాంపేట నీళ్లలో ఇంకో తీరు

మా పాపకు ఈ నెలతో పద్నాలుగు నెలలు నిండాయి. పురిటికి తెనాలిలోని పుట్టింటికి బయలుదేరే ముందు, నాకు ఎనిమిదో నెలలో, ఏనుగులూ నెమళ్లూ మామిడి పిందెలూ అచ్చువేసిన పన్నెండు గుడ్డ డైపర్ల సెట్టును ఆన్‌లైన్‌లో 4,200 రూపాయలకు కొన్నాను. అంటే ఒక్కొక్కటి 350 రూపాయలు పడింది. ప్రతి డైపరుతో పాటు లోపల పెట్టుకునే మైక్రోఫైబర్ (అతి సన్నటి కృత్రిమ పోగుల గుడ్డ) ప్యాడ్ ఒకటి వచ్చింది. అమ్మిన కంపెనీ పేరు రాయడం లేదు. ఆ ధరలో దొరికే సెట్లన్నీ దాదాపు ఒకే పద్ధతిలో కుట్టినవే కనుక నా ఫిర్యాదు ఆ పద్ధతి మీదే గాని ఒక కంపెనీ మీద కాదు. పాపకు ఆరో నెల వచ్చాక, నూలు ప్యాడ్లతో వచ్చే వేరే రకం డైపర్లు నాలుగు, ఒక్కొక్కటి 700 చొప్పున కొన్నాను. ఈ రెండు రకాలనూ, వీటితో పాటు మా అమ్మమ్మ చించి ఇచ్చిన పంచె ముక్కలనూ నెలల తరబడి తొడిగి, ఉతికి, ఆరేసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. గుడ్డ డైపరు విషయంలో డబ్బు పెట్టవలసింది పైగుడ్డకు కాదు, లోపలి ప్యాడుకు. కొనేటప్పుడు నేను సరిగ్గా దానికి తలకిందులుగా చేశాను.

పాకెట్ డైపరు అంటే ఏమిటో తెలియని వారికోసం నాలుగు మాటలు. పైన కనిపించే బొమ్మల గుడ్డ పాలిస్టర్‌ది. దాని లోపలి వైపు పాలియూరిథేన్ అనే పలుచని పొర అతికి ఉంటుంది. నీరు దాటకుండా ఆపేది ఆ పొరే. దీన్నే పి.యు.ఎల్. అని డబ్బాల మీద రాస్తారు. బిడ్డ ఒంటికి తగిలే వైపు మెత్తటి పాలిస్టర్ గుడ్డ ఉంటుంది. అది తాను తడిని పట్టి ఉంచుకోకుండా కిందికి దించేస్తుంది కాబట్టి చర్మానికి పొడిగా అనిపిస్తుంది. ఈ రెండింటి మధ్య దిండు గలీబులాగా ఒక సంచి ఉంటుంది, అందులోకి ప్యాడును దూర్చాలి. ముందు వైపు మూడు వరుసల ప్రెస్ బటన్లు ఉంటాయి. వాటిని మడిచి నొక్కితే డైపరు పొట్టిదవుతుంది, విప్పితే పొడుగుదవుతుంది. ఒక్కటే సైజు ఐదు కిలోల బిడ్డ నుంచి పదిహేను, పదిహేడు కిలోల బిడ్డ దాకా సరిపోతుందని కంపెనీలు చెప్పుకునేది ఈ బటన్ల బలంతోనే.

ఆ 'ఐదు కిలోల నుంచి' అన్న మాటను నేను చదివాను గాని పట్టించుకోలేదు. పాప పుట్టినప్పుడు రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మర్నాడు ఎంతో ముచ్చటపడి నెమళ్ల డైపరును అన్ని బటన్లూ మడిచి తొడిగితే, అది పాప చంకల దాకా వచ్చింది. తొడల దగ్గర నా బొటనవేలు దూరేంత సందు మిగిలింది. మా అమ్మమ్మ మంచం పక్కన నిలబడి కాసేపు చూసి, "ఇదేమిటే, పసిగుడ్డుకు రెయిన్ కోటు తొడిగావు?" అంది. ఆవిడ ఎగతాళికే అన్నా, ఆ మాటలో నిజం ఉంది. అమెరికాలో మారియన్ డోనొవన్ అనే తల్లి 1940ల చివరలో నీరు దాటని డైపరు కవరును మొదట తయారు చేసుకున్నది స్నానాల గది తెరను కత్తిరించే. ఆవిడకు దాని మీద పేటెంటు 1951లో వచ్చింది. కవరు ఎంత ముద్దుగా ఉన్నా, ఈనాటికీ దాని పని ఆ తెర పనే. తడిని పీల్చేది అది కాదు.

కాబట్టి మొదటి రెండు నెలలూ నా 4,200 రూపాయల సెట్టు బీరువాలోనే ఉండిపోయింది. ఆ రోజుల్లో బిడ్డ గంటకోసారి, ఒక్కోసారి అంతకంటే త్వరగానే పక్క తడుపుతుంది. తల్లిపాల మీద ఉన్న బిడ్డ మలం పలుచగా, పసుపుపచ్చగా ఉండి చల్లనీళ్లకే వదిలిపోతుంది. పుట్టిన రెండు మూడు రోజులు వచ్చే నల్లటి జిగట మలం మాత్రం ఏ గుడ్డనూ అంత తేలికగా వదలదు. ఈ దశకు మా అమ్మ సిద్ధం చేసిన ఏర్పాటును మించినది నాకు ఇప్పటికీ కనిపించలేదు: నడుముకు ముడివేసి కట్టే ముడి నాపీలు రెండు డజన్లు, పాత వెంకటగిరి చీరను చింపి అంచులు కుట్టిన పొత్తిగుడ్డలు, పక్క మీద రబ్బరు షీటు, దాని మీద బొంత. ముడి నాపీ పలుచనిది, ఒక్కసారికే తడిసిపోతుంది, నిజమే. కానీ తడిసిన సంగతి వెంటనే తెలుస్తుంది, తెలిస్తే మారుస్తాం, అరగంటలో ఆరుతుంది. బాలింత ఇంట్లో చేతులు ఎక్కువ. ఉతికే మనిషీ, ఆరేసే మనిషీ, మడతపెట్టే మనిషీ వేర్వేరుగా దొరికే ఇల్లు అది. ఆ చేతులు లేని ఇంట్లో మొదటి నెల వాడి పారేసే డైపర్లతో గడపడం తప్పేమీ కాదని నా అభిప్రాయం. గుడ్డ డైపర్లు మొదలుపెట్టడానికి పుట్టిన రోజే ముహూర్తం కానక్కరలేదు.

మూడో నెల మొదట్లో పాప ఐదు కిలోలు దాటింది. అప్పుడు బీరువాలోంచి సెట్టు బయటికి వచ్చింది. తొడిగే విధానం రెండు మూడు రోజుల్లో అలవడింది గాని, ఆ రెండు మూడు రోజులూ ప్రతి డైపరూ కారింది. తప్పు ఎక్కడుందో చివరికి పట్టింది మా అమ్మ. నేను వాడి పారేసే డైపరును తొడిగినట్టే దీన్నీ తొడ మీదికి తెచ్చి బటన్లు పెడుతున్నాను. గుడ్డ డైపరు ఎలాస్టిక్ తొడ మీద కాదు, తొడా పొట్టా కలిసే మడతలో కూర్చోవాలి. మనం వేసుకునే లోదుస్తులు ఎక్కడ కూర్చుంటాయో అక్కడే. తొడిగాక వేలితో ఆ అంచు వెంట తడిమి, లోపలి గుడ్డ ఎక్కడైనా బయటికి తొంగిచూస్తుంటే దాన్ని లోపలికి నెట్టాలి, లేకపోతే ఆ అరంగుళం గుడ్డే వత్తిలా పనిచేసి తడిని గౌను మీదికి ఎక్కిస్తుంది. నడుము దగ్గర రెండు వేళ్లు పట్టేంత వదులు ఉండాలి. తొడ దగ్గర సందు ఉండకూడదు, అలాగని తీశాక చాలాసేపు ఎర్రటి గాడి మిగిలేంత బిగువూ ఉండకూడదు. ఇంత చూసుకున్నాక అంచుల వెంట కారడం ఆగిపోయింది.

తెనాలిలో ఉన్నంత కాలం, అంటే పాపకు ఐదో నెల వచ్చేదాకా, ఈ సెట్టు మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. ఒక్క విషయం మాత్రం అప్పుడే అనుమానం కలిగించింది. పాపను పక్క మీద పడుకోబెట్టినంతసేపూ డైపరు రెండున్నర గంటలు చక్కగా ఆగేది. చంకనెత్తుకుంటే మాత్రం గంటలోపే నా చీర నడుము దగ్గర తడిసేది. కారణం మైక్రోఫైబర్ స్వభావంలోనే ఉంది. అది నీటిని క్షణాల్లో లాక్కుంటుంది కానీ గట్టిగా పట్టి ఉంచుకోలేదు. తడిసిన స్పాంజిని నొక్కితే ఏమవుతుందో, బిడ్డ బరువు పడ్డప్పుడూ చంకలో నొక్కుకున్నప్పుడూ ఈ ప్యాడుకు అదే అవుతుంది. ఒక మధ్యాహ్నం పెరట్లో పంపు దగ్గర కూర్చుని పరీక్ష చేశాను: పాల సీసాతో కొలిచి వంద మిల్లీలీటర్ల నీళ్లు మైక్రోఫైబర్ ప్యాడు మీద పోస్తే చుక్క కింద పడకుండా పీల్చుకుంది. దాని మీద అరచేయి ఆనించి మామూలుగా బరువు వేస్తే, వేళ్ల సందుల్లోంచి బుడబుడ పైకి వచ్చింది. అదే నీళ్లు పన్నెండు పొరలు మడిచిన పంచె ముక్క మీద పోస్తే పీల్చుకోవడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది, కానీ అరచేయి వేసినప్పుడు చేయి తడి అయిందే గాని నీరు పైకి ఊరలేదు. మన ఇళ్లలో బిడ్డ రోజులో సగభాగం ఎవరో ఒకరి చంకలోనే ఉంటుంది. పరుపు మీదో ఉయ్యాల కుర్చీలోనో గడిపే బిడ్డకు పనికివచ్చే ప్యాడు మన బిడ్డకు పనికిరాకపోవడానికి ఇదొక్కటి చాలు.

ఇక్కడ ఇంకో జాగ్రత్త చెప్పాలి. మైక్రోఫైబర్ ప్యాడును నేరుగా బిడ్డ ఒంటికి ఎప్పుడూ తగలనివ్వకూడదు; అది చర్మంలోని చెమ్మను కూడా లాగేసి ఎండబెడుతుంది. అది సంచి లోపలే ఉండాలి. నూలు ప్యాడుకు ఈ బాధ లేదు.

ఐదో నెలలో హైదరాబాదు వచ్చాం. మాది నిజాంపేటలో అపార్ట్‌మెంటు. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు తాగడానికి సరిపడా వస్తాయి, మిగతా వాడకం అంతా బోరు నీళ్లూ, ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లూ. తెనాలిలో ఉతికింది కృష్ణా కాలువ నీళ్లతో. తేడా మూడు వారాల్లో బయటపడింది. అవే డైపర్లు, అదే సబ్బు, అదే బిడ్డ; కానీ ప్యాడ్లు అప్పడాల్లా బిరుసెక్కాయి, ఆరిన ప్యాడు మీద పాప ఒకటి పోయగానే ముక్కు పగిలే అమోనియా వాసన, రెండున్నర గంటలు ఆగిన డైపరు ముప్పావుగంటకే కారడం. నేను మొదట పాప ఎక్కువ పోస్తోందనుకున్నాను. మా అత్తగారు పళ్లు వస్తున్నాయేమో, వేడి చేసిందేమో అన్నారు. నిజానికి వేడి చేసింది ప్యాడుకు. బోరు నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు బట్టల సబ్బుతో కలిస్తే నీటిలో కరగని తెల్లటి మడ్డి తయారవుతుంది. బకెట్ల అంచున గట్టిపడి కనిపించేది అదే. ఆ మడ్డి ప్యాడు పోగులకు పట్టేస్తే కొత్త తడికి చోటుండదు, పాత మూత్రపు ఉప్పు వదలదు. సందుల్లేని మామూలు నూలు గుడ్డ కంటే, సన్నటి పోగుల గుబురులా ఉండే మైక్రోఫైబర్‌కు ఇది ఇంకా త్వరగా పడుతుంది.

ఈ సంగతి డబ్బా మీద ఎక్కడా లేదు. 'సాధారణ నీటితో ఉతకండి' అని ఉంది. నిజాంపేటలో సాధారణ నీరంటే బోరు నీరే మరి.

సరిచేసుకోవడానికి నెల పట్టింది. మొదట బిళ్ల సబ్బు మానేసి డిటర్జెంటు పౌడరుకు మారాం; డిటర్జెంటు కఠిన జలంలో సబ్బులాగా అంత మడ్డి కట్టదు. పౌడరు తక్కువ వేస్తే బిడ్డకు మంచిదనే అపోహతో నేను అరచెంచా మాత్రమే వేసేదాన్ని. దానివల్ల మురికి వదలక వాసన పెరిగింది తప్ప ఒరిగింది ఏమీ లేదు. బట్టల మోతకు తగ్గ పౌడరు పూర్తిగా వేసి, దాన్ని పూర్తిగా వదిలేదాకా జాడించడమే సరైన పద్ధతి. చివరి జాడింపుకు మాత్రం రెండు బకెట్ల మంజీరా నీళ్లు పక్కన పెట్టుకున్నాం. పాత ప్యాడ్లను, ప్యాడ్లను మాత్రమే, వేడినీళ్లలో నానబెట్టి, నురగ రావడం ఆగేదాకా మళ్లీ మళ్లీ జాడించాం. మూడోసారికి కూడా తెల్లటి నీరు వచ్చిందంటే ఎంత పేరుకుందో ఊహించుకోవచ్చు. పైగుడ్డలను వేడినీళ్లలో మరిగించకూడదు, ఎలాస్టిక్ సాగి పోతుంది, నీరాపే పొర విడిపోతుంది. బట్టలు మెత్తబడడానికి వేసే సువాసన ద్రవాన్ని ఎంత బిరుసెక్కినా వేయకూడదు; అది పోగుల మీద జిడ్డు పొరలా కూర్చుని పీల్చే గుణాన్ని చంపేస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు పెట్టమనే కుంకుడు రసాన్నీ ప్రయత్నించాను. తలకు మంచిదే గాని మలం మరకకు దాని బలం చాలలేదు.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న పద్ధతి ఇది. తీసిన డైపరులోంచి ప్యాడు వెంటనే లాగేసి, రెండింటినీ పంపు కింద ఒకసారి పిండి, గాలి ఆడే ప్లాస్టిక్ బుట్టలో వేస్తాం. బకెట్లో నానబెట్టి ఉంచము, ఎందుకంటే రాత్రంతా నానిన గుడ్డ వాసన ఎక్కుతుంది, ఎలాస్టిక్ చెడుతుంది, దోమల సంగతి చెప్పనక్కరలేదు. రాత్రి తొమ్మిదింటికి మా ఆయన మెషీన్‌లో మొదట చల్లనీళ్లతో పౌడరు లేకుండా ఒక చుట్టు, తరవాత పౌడరుతో నలభై డిగ్రీల వేడిలో పూర్తి చుట్టు, ఆ పైన అదనపు జాడింపు వేస్తారు. ముందు నుంచి తెరిచే మెషీన్లు నీళ్లు పొదుపుగా వాడతాయి. తడిపిన తువ్వాలు ఒకటి తోడు వేస్తే బరువు ఎక్కువని అది కాస్త ధారాళంగా పోసుకుంటుంది. పొద్దున్నే దండెం మీద ప్యాడ్లు ఎండలో, పైగుడ్డలు నీడలో. మరకలు పోగొట్టడానికి ఎండకు మించిన సాధనం ఇంకా పుట్టలేదు: పసుపుపచ్చ మరక తడిగా ఉన్న ప్యాడును రెండు గంటలు మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉంచితే మరక ఎటు పోయిందో తెలియకుండా పోతుంది.

నూలు ప్యాడ్లతో వచ్చిన 700 రూపాయల డైపర్ల గురించి చెప్పుకోవలసింది ఎక్కువే. వాటిని తెచ్చిన రోజే తొడిగితే మొదటి పోతకే మొత్తం కారిపోయింది, నాకు ఏడుపొక్కటే తక్కువ. తిరిగి పంపించేద్దామని ప్యాడును తీసి పంపు కింద పెట్టి చూస్తే, నీటిబొట్టు చేమాకు మీద దొర్లినట్టు దొర్లిపోయింది. కొత్త నూలులో సహజమైన నూనె, మైనం ఉంటాయి. అవి పోయేదాకా ఐదారుసార్లు ఉతికి ఆరేయనిదే ప్యాడు పూర్తిగా పీల్చదు. డబ్బాలో పెట్టిన కాగితంలో ఇది స్పష్టంగా రాసి ఉంది, చదవనిది నేనే. ఆరు ఉతుకుల తరవాత మాత్రం ఆ ప్యాడు మాట నిలబెట్టుకుంది: పగలు మూడు గంటలు, చంకలో ఉన్నా. వెదురు గుజ్జు నుంచి తీసిన దారంతో చేసిన ప్యాడ్లు ఇంకా ఎక్కువ పట్టుకుంటాయి, కానీ ఆరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది.

ఆరడం అన్నది చిన్న విషయం కాదు, ముఖ్యంగా శ్రావణ భాద్రపదాల్లో. ముసురు పట్టిన వారం రోజులు మా బాల్కనీలో నూలు ప్యాడ్లు రెండు రోజులకు గాని ఆరలేదు, ఆరినా ముక్కవాసన పోలేదు. తెనాలిలో అయితే అమ్మ సాంబ్రాణి ధూపం మీద గంప బోర్లించి దాని మీద పొత్తిగుడ్డలు పరిచేది. మూడో అంతస్తు ఫ్లాటులో అది కుదరదు. ఆ వారంలోనే మా అమ్మమ్మ ఇచ్చిన పంచె ముక్కలు గుర్తొచ్చాయి. తాతయ్యగారి పాత నూలు పంచెలను ఆవిడ డెబ్బై సెంటీమీటర్ల చదరాలుగా చించి, అంచులు కుట్టించి, పద్దెనిమిది ముక్కలు మూట కట్టి ఇచ్చింది. చదరాన్ని సగానికి మడిచి, ఇంకోసారి సగానికి మడిచి, వచ్చిన చిన్న చదరాన్ని మూడు మడతలు పెడితే పన్నెండు సెంటీమీటర్ల వెడల్పు, ముప్పై ఐదు సెంటీమీటర్ల పొడవు ఉన్న పట్టీ వస్తుంది. సరిగ్గా కంపెనీ ప్యాడు కొలత. పన్నెండు పొరలు. అది పాకెట్‌లోకి తేలికగా దూరింది, రెండు గంటలకు పైగా ఆగింది. ఉతికినప్పుడు విప్పి ఆరేస్తే ఒకే పొర కాబట్టి ఫ్యాను కింద కూడా మూడు గంటల్లో ఆరిపోయింది. మడ్డి పట్టే మందం లేదు, బిరుసెక్కినా చేత్తో రుద్దితే మెత్తబడుతుంది. కొన్నవాటన్నిటిలోకీ మేలైన ప్యాడు నాకు ఖర్చు లేకుండా మూట కట్టి వచ్చింది, నేను దాన్ని ఏడు నెలలు అటకమీద ఉంచాను. అమ్మమ్మకు ఈ సంగతి ఫోనులో చెబితే, "ఇప్పుడు రెయిన్ కోటు లోపల పంచె కట్టావన్న మాట" అంది.

రాత్రుల విషయంలో మాత్రం నేను ఓడిపోయినట్టు ఒప్పుకోవాలి. పగలు చక్కగా పనిచేసే నూలు ప్యాడు కింద వెదురు ప్యాడు కూడా పెట్టి చూశాను. ఆరు గంటలు ఆగుతుంది, ఏడో గంటలో పక్క తడుస్తుంది. అంత లావు డైపరుతో పాప పక్కకు దొర్లడమే కష్టమయింది. నిద్ర అవసరం పాపకూ ఉంది, నాకూ ఉంది. అందుకని రాత్రికి ఒక్కటి మాత్రం వాడి పారేసేది వేస్తున్నాం. గుడ్డ వాడేవారు రాత్రిపూట ఇలా చేస్తే ఏదో వ్రతభంగం జరిగినట్టు బాధపడడం చూశాను, అది అనవసరం.

డైపరు కింద చర్మం ఎర్రబడే ఒరుపుల గురించి చాలామంది అడుగుతారు. గుడ్డ డైపరు వేస్తే ఒరుపులు రావన్న ప్రచారం పూర్తిగా నిజం కాదు. తడిగుడ్డను నాలుగు గంటలు వదిలేస్తే ఏ డైపరైనా ఒకటే. రెండు మూడు గంటలకోసారి, మల విసర్జన చేస్తే వెంటనే మార్చడమే అసలు మందు. పాపకు రెండుసార్లు ఎర్రబడింది. మొదటిసారి వాసన పట్టిన ప్యాడ్ల వల్ల, రెండోసారి బూజు జాతి క్రిముల వల్ల. రెండోది పిల్లల డాక్టరుగారు చూసి మందు రాస్తే గాని తగ్గలేదు. ఎర్రదనానికి తోడు చుట్టూ చిన్న చిన్న పొక్కులు కనిపిస్తే ఇంటి వైద్యంతో రోజులు గడపకండి. మందు పూసినప్పుడు ఆ జిడ్డు డైపరు లోపలి గుడ్డకు పట్టి, నీరు దిగకుండా అడ్డుపడుతుంది. ఆ వారం రోజులూ ఒక పాత మల్ గుడ్డ ముక్కను మధ్యలో పరచడం వల్ల మా డైపర్లు బతికిపోయాయి.

ఆరో నెలలో ఉగ్గు మొదలుపెట్టాక మలం తీరు మారుతుంది, చాలామంది అక్కడే గుడ్డ డైపర్లకు స్వస్తి చెబుతారు. నిజానికి మన బాత్రూముల్లో కమోడు పక్కన ఉండే, చేత్తో పట్టుకుని నొక్కే నీళ్ల పంపు ఈ పనికి దేవుడిచ్చిన వరం. డైపరును కమోడు మీద వాలుగా పట్టుకుని పైనుంచి కిందికి కొడితే అర నిమిషంలో శుభ్రమవుతుంది. విదేశాల్లో ఉన్న మా చెల్లెలు ఇలాంటి పంపును ప్రత్యేకంగా కొని బిగించుకోవలసి వచ్చిందట. ఇంకో పాత అలవాటు కూడా కలిసివచ్చింది: పొద్దున్న లేవగానే, పాలు తాగిన పావుగంటకూ అత్తగారు పాపను తన రెండు పాదాల మీద కూర్చోబెట్టుకుని 'స్స్స్' అంటారు. ఎనిమిదో నెలకల్లా రోజుకు రెండు మూడు డైపర్లు అలా మిగలడం మొదలైంది. ఏ కంపెనీ ఈ సాధనాన్ని అమ్మలేదు కాబట్టి ఎక్కడా ప్రచారం కనిపించదు.

ఖర్చు లెక్కకు వస్తాను. వాడి పారేసేవే వాడితే మాకు రోజుకు ఆరు, ఒక్కొక్కటి పదకొండు రూపాయల లెక్కన నెలకు సుమారు రెండు వేలు అయ్యేది. మేము పెట్టింది 4,200, ఆ పైన 2,800, ముడి నాపీలకు 1,200, మొత్తం 8,200. రాత్రి డైపర్లకూ పౌడరుకూ కరెంటుకూ నెలకు ఆరు వందల చిల్లర తీసేస్తే, ఆరో నెలకు పెట్టుబడి తీరిపోయింది. తెలివిగా కొని ఉంటే నాలుగో నెలకే తీరేది. మా ఆయన చేసే పనికి కూలి కట్టలేదని ఆయన గుర్తుచేశారు, రాయమన్నారు, రాస్తున్నాను.

పర్యావరణం మాట ఎత్తకుండా గుడ్డ డైపర్ల గురించి ఎవరూ రాయరు. ఇందులో లెక్కలు మనం అనుకున్నంత ఏకపక్షంగా లేవు. ఇంగ్లండులో ప్రభుత్వ సంస్థలు 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ఒక బిడ్డకు రెండున్నరేళ్లపాటు వాడి పారేసే డైపర్లు వేస్తే సుమారు 550 కిలోల కార్బన్ డయాక్సైడుకు సమానమైన ఉద్గారాలు, గుడ్డవి వాడి సగటు పద్ధతిలో ఉతికితే 570 కిలోలు. అంటే గుడ్డదే కాస్త ఎక్కువ. అయితే మెషీన్ నిండుగా వేసి, డ్రయరు లేకుండా ఆరేసి, రెండో బిడ్డకు కూడా వాడితే అది దాదాపు 40 శాతం తగ్గుతుందని అదే అధ్యయనం చెప్పింది. దండెం మీద ఆరేయడమే ఆనవాయితీ, ఇంట్లో ఒకరి బట్టలు ఇంకొకరికి అందడమే ఆనవాయితీ అయిన చోట ఈ మేలు మనకు అడగకుండానే దక్కుతుంది. చెత్త సంగతి వేరు. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన డైపర్లను కాగితంలోనో ఇచ్చిన సంచిలోనో చుట్టి పొడి చెత్తలో వేయవలసి ఉండేది. మా అపార్ట్‌మెంటులో చెత్త ఏరే ఆవిడ చేతి తొడుగులు లేకుండా ఆ పొట్లాలను వేరుచేయడం నేను రోజూ చూస్తుంటాను. ఆరు పొట్లాలకు బదులు ఒక్కటి పెడుతున్నానన్నది నాకు కార్బన్ లెక్క కంటే దగ్గరి విషయం.

ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవారు నన్ను అడిగితే, పన్నెండు డైపర్ల సెట్టు కొనవద్దనే చెబుతాను. ముందు ముడి నాపీలు రెండు డజన్లు, పాత నూలు పంచెలు నాలుగైదు చించి కుట్టిన ముక్కలు సిద్ధం చేసుకోండి. బిడ్డ ఐదు కిలోలు దాటాక, ప్యాడు లేకుండా విడిగా అమ్మే పాకెట్ పైగుడ్డలు మూడు తెప్పించుకుని వారం రోజులు చూడండి; తొడలు సన్నంగా ఉన్న బిడ్డకు ఒక కంపెనీ కొలత, బొద్దుగా ఉన్న బిడ్డకు ఇంకో కంపెనీ కొలత నప్పుతాయి, అది తొడిగితే గాని తెలియదు. నచ్చితే ఎనిమిది పది దాకా పెంచుకోండి, రోజు విడిచి రోజు ఉతికితే పద్నాలుగు కావాలి. ప్రయాణాలకు, తడి గుడ్డలు వేసుకునే జిప్పు సంచి ఒకటి. మీ ఇంటి నీరు బోరు నీరైతే మైక్రోఫైబర్ జోలికే పోకండి.

నా మొదటి సెట్టుకు ఐదింటికి రెండున్నర మార్కులు, అదీ పైగుడ్డలు ఏడాది తరవాత కూడా పొర విడవకుండా, ఎలాస్టిక్ సాగకుండా నిలిచినందుకు. నూలు ప్యాడ్ల వాటికి నాలుగు. పంచె ముక్కలకు మార్కులు వేసేంత పెద్దదాన్ని కాను. ఆ పన్నెండు మైక్రోఫైబర్ ప్యాడ్లలో నాలుగింటిని వంటింట్లో గట్టు తుడవడానికి ఉంచుకున్నాం, మిగతా ఎనిమిదింటితో మా ఆయన ఆదివారాలు స్కూటరు తుడుస్తారు. ఆ పని మాత్రం అవి మెరిసేలా చేస్తున్నాయి.